విశ్రాంతమ్మ కూర్చున్న బంతి

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా విడిపోయి మళ్ళీ కలుసుకునే చోట ఒక చిన్న లంక ఉండేది. దాని పేరు రెల్లులంక. మంచుకాలం వచ్చిందంటే ఆ లంక నీళ్ళ మీద ఉందో, మబ్బుల మీద ఉందో పొద్దున్నే ఎవరికీ తెలిసేది కాదు. గుడిగంట మోగితే, ఆ మోత నీళ్ళ మీద నడిచి వచ్చినట్టు మెల్లగా వచ్చేది.

గుడి పెద్దదేమీ కాదు. మట్టి గోడలు, తాటాకు కప్పు, పైన ఒక కొయ్య సిలువ. ఆదివారం పాస్టరు అయ్యగారు ఆరాధన ముగించాక ఎవరూ ఇంటికి పోయేవారు కాదు. ఇంటికో గిన్నె తెచ్చి, గుడి వెనక అరటితోటలో బంతులు తీరి కూర్చుని, అందరి వంటా అందరూ తినేవారు. దాన్ని ప్రేమవిందు అనేవారు. అవతలి ఒడ్డు నుంచి కూడా పడవ మీద పదిమంది వచ్చేవారు.

ఆ విందులో అన్నిటికంటే పెద్ద గిన్నె విశ్రాంతమ్మది. ఆమె బొమ్మిడాయి చేపల పులుసు పెట్టిందంటే, ఆ వాసనకి పడవ తెడ్డు వెయ్యకుండానే వచ్చేస్తుందని నవ్వుకునేవారు. పేరులో విశ్రాంతి ఉంది గానీ ఆమె కాళ్ళకు లేదు. కొంగు బిగించి, గరిటె పట్టి, బంతి ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉండేది.

“వద్దనకు నాయనా, ఇంకో ముక్క!”

అందరూ తిని లేచాక, ఖాళీ గిన్నె కడుక్కుని ఇంటికి పోయేది. ఇంట్లో ఆమె ఒక్కతే. తలుపు దగ్గరగా వేసుకుని, పొద్దుటి అన్నం తినేది. ఆమె బంతిలో కూర్చోగా ఎవరూ చూడలేదు.

ఒక ఆదివారం పక్కింటి దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఇవాళ గుమ్మడికాయ దప్పళం పెట్టాను. ఒక్క ముద్ద తిని ఎలా ఉందో చెప్పవా?”

“ఇవాళ ఉపవాసం ఉన్నానే” అంది విశ్రాంతమ్మ.

దీనమ్మ ముఖం చిన్నబోయింది. విశ్రాంతమ్మ అది చూసింది. చూడనట్టు ముందుకు నడిచింది.

రెండో ఆదివారం, సంఘంలో అందరికంటే పెద్దవాడైన యెహెజ్కేలు తాత అరిటాకు దొప్పలో తాటిబెల్లం పరమాన్నం పట్టుకొచ్చాడు.

“అమ్మాయ్, మా మనవరాలి పెళ్ళి కుదిరింది. నువ్వు ఈ తీపి తింటే నాకు తృప్తిగా ఉంటుంది.”

“ఇప్పుడే తిన్నాను పెద్దయ్యా. కడుపులో చోటు లేదు.”

ఆ మాట అంటుంటేనే ఆమె కడుపు ఆకలితో మూలిగింది. తాత ఆ దొప్ప పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, వణికే అడుగులతో వెనక్కి వెళ్ళిపోయాడు.

మూడో వారం, శనివారం పొద్దున రేవులో చేపలు కడుగుతూ విశ్రాంతమ్మ జారిపడింది. కుడి మణికట్టు బెణికి బుడగలా వాచింది. దీనమ్మ ఆకుపసరు రాసి గుడ్డతో కట్టు కట్టింది.

ఆదివారం తెల్లారింది. పొయ్యి వెలగలేదు. గిన్నె బోర్లించే ఉంది. ‘ఉత్తచేతులతో ఏ ముఖం పెట్టుకుని పోను?’ అనుకుంటూ విశ్రాంతమ్మ మంచం మీదే కూర్చుంది. బయట మంచు పాలమీగడలా కమ్ముకుంది. గంట మోగింది. పాట వినబడింది. పాట ఆగింది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. గరిటెల చప్పుడు లేదు, పిల్లల కేకలు లేవు. లోకమంతా మంచులో నిద్రపోయినట్టుంది.

అంతలో మంచులోంచి దీనమ్మ వచ్చింది.

“రా అక్కా. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. నువ్వు వచ్చేదాకా వడ్డించొద్దన్నారు అయ్యగారు. అవతలి ఒడ్డు వాళ్ళు మళ్ళీ పడవెక్కాలి. పిల్లలు ఆకలితో ఉన్నారు.”

“నేనేం తేలేదు. నన్నెందుకు పిలుస్తారు?”

“తేవడానికి కాదు, తినడానికి.”

విశ్రాంతమ్మ బోర్లించిన గిన్నె వైపు చూసింది. తరవాత మెల్లగా అంది:

“ఆ రోజు ఉపవాసమన్నది అబద్ధం, దీనా. నాకు ఏడేళ్ళప్పుడు మా ఊళ్ళో ఒక పెద్దింట పెళ్ళి జరిగింది. ఆశపడి వెళ్ళి బంతిలో కూర్చున్నాను. ఒకాయన వచ్చి నా ముందు ఆకు లాగేశాడు. ‘నీకిక్కడ చోటెవరిచ్చారే? గోడ అవతలికి పో, మిగిలితే విసురుతాం’ అన్నాడు. అందరూ చూశారు. ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. నేను ఒకరికి పెడతాను గానీ, ఒకరి చేతి కింద ఆకు వేసుకోనని. పుచ్చుకునేవాళ్ళు చిన్నవాళ్ళయిపోతారే.”

దీనమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

“ఇన్నేళ్ళూ నీ చేతి పులుసు తిన్నాం కదక్కా. నీ కళ్ళకి మేం చిన్నవాళ్ళంగా కనబడ్డామా?”

“అయ్యో! ఎంత మాట!” అంది విశ్రాంతమ్మ. “మీరు తింటుంటేనే కదే నా ప్రాణం లేచొచ్చేది!”

ఆ మాట తన చెవులకే కొత్తగా వినబడింది. ఆమె దీనమ్మ భుజం పట్టుకుని లేచింది.

ఇద్దరూ మంచులో నడిచారు. దారి కనబడలేదు. ముందు అన్నం ఆవిరి వాసన తగిలింది. తరవాత అరటాకుల గలగల వినబడింది. ఆపైన ఒక్కొక్క ముఖమూ తెల్లటి పొరలోంచి బయటికి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. యెహెజ్కేలు తాత కాస్త పక్కకి జరిగి తన పక్కన చోటిచ్చాడు. అయ్యగారు తన చేతులతోనే ఆమె ముందు ఆకు పరిచి నీళ్ళు చిలకరించారు.

విశ్రాంతమ్మ చూపు ఆకు అంచు మీదే ఉంది. ఎవరో లాగేస్తారేమోనని, ఈ వయసులో కూడా, ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకుంది. ఎవరూ లాగలేదు. వేడి అన్నం వచ్చింది. కందాబచ్చలి కూర వచ్చింది. అవతలి ఒడ్డు వాళ్ళ రొయ్యల వేపుడు వచ్చింది.

తినాలంటే కుడిచేయి లేవదు. దీనమ్మ ముద్ద కలిపింది.

“నోరు తెరువు అక్కా.”

ఆమె తెరిచింది. ఆ ముద్దతోపాటు కన్నీళ్ళూ లోపలికి జారాయి. యాభై ఏళ్ళ నాటి ఒట్టు కరిగిపోయింది.

ముద్ద మింగి, చుట్టూ చూసి, చిన్నపిల్లలా అంది: “ఇంకో ముద్ద పెట్టవే.”

దీనమ్మ ముఖం వెలిగిపోయింది. బంతంతా గలగలా నవ్వింది. అరటితోట మీద మంచు విడిపోయి ఎండ దిగింది.

పిల్లలూ, ఒకరికి కడుపునిండా పెట్టడం ఎంత ప్రేమో, ఒకరు పెడితే మనసారా తినడమూ అంతే ప్రేమ.