ఒట్టు నూనె

పిల్లలూ, ఒక ప్రశ్న. మీ తలలకు నూనె రాసే ముందు ఈ మామ్మ మొదటి చుక్క తన నడినెత్తి మీదే ఎందుకు వేసుకుంటుంది? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి.

వాసన చూడ్డానికని గీతిక అంటోంది. వాసనకైతే ముక్కుంది కదే, నెత్తి దేనికి? నెరిసిన జుట్టు నల్లబడుతుందని తనూజ్ అంటున్నాడు. ఒరేయ్, ఆ ఆశ వదులుకుని పాతికేళ్ళయింది. సరే, జవాబు కథలో ఉంది. నేను చెప్పను, మీరే పట్టుకోవాలి. డాబా మీద కొబ్బరి చిప్పలు ఎండబెట్టి వచ్చాను, మధ్యలో వెళ్ళి తిరగెయ్యాలి. కాబట్టి అడ్డు ప్రశ్నలు వెయ్యకుండా వినండి.

అనగనగా ఒక లంక. లంకంటే తెలుసుగా, నాలుగు వైపులా నీళ్ళున్న నేల. ఆ లంక నిండా ఇసక. ఇసకలో కొబ్బరిచెట్లు. చెట్ల కింద నలభై గడపలు. అంతే ఆ లంక.

అక్కడ వరి పండదు. పత్తి పండదు. తినే బియ్యం, కట్టే బట్ట, ఆఖరికి కూరలోకి మిరపకాయ కూడా అవతలి ఒడ్డు నుంచి పడవలో రావలసిందే. పడవ ఊరికే వస్తుందా? కొబ్బరినూనె కోసం వస్తుంది. నూనె ఎక్కించుకుని బియ్యం దింపుతుంది. నూనె లేని నాడు పడవ లేదు. పడవ లేని నాడు పొయ్యి మీద ఎసరుంటుంది గాని, ఎసట్లో వెయ్యడానికి గింజ ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ నూనె తీసేది మాచమ్మ. లంకంతటికీ ఒకటే గానుగ, అది మాచమ్మది. కాయ చెట్టుమీదే పన్నెండు నెలలు ముదరాలి. దింపాక ఒలవాలి, పగలగొట్టాలి, చిప్పల్ని ఎండలో పెట్టాలి. నొక్కితే గోరు దిగకూడదు, అంతగా ఎండాలి. అప్పుడు గానుగలో వేస్తే నీళ్ళలాంటి నూనె దిగుతుంది.

గానుగ తిప్పేది బొల్లి. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎద్దు. తిరిగి తిరిగి కళ్ళు తిరగకుండా దాని కళ్ళకు గంతలు కట్టేవారు. పొద్దుగూకే వేళకు విప్పేవారు. ఆ రోజుల్లో గానుగెద్దులు మాట్లాడేవి. నవ్వకండి, మాట్లాడేవి! ఎందుకు మానేశాయో కూడా ఈ కథలోనే ఉంది.

ఇక ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. నూనె కుండలు పడవ ఎక్కే ముందు, లంక పెద్ద ఏదో ఒక కుండ మూత తీసి, గుప్పెడు నూనె తీసి, లంకలోని ఒక పసిపిల్ల తలకు అందరి ఎదుటా రాసేవాడు. “మా బిడ్డ నెత్తికి రాసిందే మీ బిడ్డ నెత్తికి పంపుతున్నాం” అనేవాడు. దాన్ని ఒట్టు నూనె అనేవారు. బిడ్డ తలమీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టుకు తిరుగేముంది? అవతలి ఒడ్డు తల్లులు ఆ నూనెను కళ్ళు మూసుకుని కొనేవారు. పురిటి బిడ్డల మాడుకు కూడా అదే అద్దేవారు.

లంక పెద్ద పేరు జోగయ్య. చెడ్డవాడు కాదు. ఆయనకు ఒక్కతే మనవరాలు, చిలకమ్మ. అయిదేళ్ళది. పొద్దస్తమానం గానుగ దగ్గరే ఉండేది. సాయంత్రం బొల్లి గంతలు తనే విప్పాలి. ఇంకెవరైనా విప్పితే ఇసకలో పడి దొర్లేది.

ఒకనాడు మన కథలోని మొదటి పడవ వచ్చింది. అందులోంచి షావుకారు దిగాడు.

“పెద్దయ్యా, ఒడ్డున మీ నూనెకు గిరాకీ పెరిగింది. పన్నెండు నెలలు ఎవడు కూర్చుంటాడు? ఎనిమిదో నెలకే దింపించండి” అన్నాడు.

“లేత కాయ కదా బాబూ.”

“మీకు కుదరకపోతే చెప్పండి. పక్క లంకలో కూడా కొబ్బరిచెట్లే ఉన్నాయి, తాటిచెట్లు లేవు.”

జోగయ్య పడవలో ఉన్న బియ్యం బస్తాల వంక చూశాడు. లంక వంక చూశాడు. “సరే” అన్నాడు.

లేత చిప్పలు గానుగలో పడ్డాయి. రెండు చుట్లు తిరిగి బొల్లి ఆగిపోయింది.

“అమ్మా మాచమ్మా, ఇది ముదిరిన కొబ్బరి కాదు. నా కళ్ళకు గంతలున్నాయి గాని, నా మెడకు లేవు. కాడి తేలిగ్గా ఉంది” అంది.

మాచమ్మ వెళ్ళి చెప్తే జోగయ్య నవ్వేశాడు. “నీ ఎద్దుకు పని తేలికైతే అదీ తప్పేనా? కాస్త తక్కువ మేత వెయ్యి, అదే నోరు మూస్తుంది.”

ఆ నూనె నాలుగు రోజులకే కంపు కొట్టింది. ఒట్టు కోసం రాయించుకున్న పిల్ల దగ్గరికి తోటి పిల్లలు ఆటకు రాలేదు. అంతే జరిగింది. అంతకు మించి ఏమీ కాలేదు గనక, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను వినండి. లేత కాయలో నీళ్ళెక్కువ, నూనె తక్కువ. ఎనిమిదో నెలకే దింపేస్తే పన్నెండో నెలకు చెట్టు మీద ఏముంటుంది? ఆకాశం ఉంటుంది. మరుసటి పంటకు కుండలు సగమే నిండాయి.

అప్పుడు రెండో పడవ వచ్చింది. షావుకారు ఈసారి పీపాలు తెచ్చాడు.

“ఇది అడివి గింజల నూనె. రంగు లేదు, వాసన లేదు. సగం కుండకు సగం పోస్తే నిండు కుండ. ఎవరికి తెలుస్తుంది?”

మాచమ్మ అక్కడే ఉంది. “తెలియకపోవడమేమిటి? ఒట్టుకు మన పిల్లల తలకే కదా రాస్తాం! ఏ గింజో, ఏ పాడో. నీ చిలకమ్మకు రాస్తావా జోగన్నా?”

జోగయ్య ముఖం పాలిపోయింది. తల్లులంతా పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. లేదు, మా పిల్లలకు రాయనివ్వం అన్నారు. మంచివాళ్ళే, పిల్లలంటే ప్రాణం. ఆ ప్రేమతోనే వాళ్ళు ఎంత పని చేశారో చూడండి.

“అయితే ఒక పని చేద్దాం” అన్నాడు జోగయ్య. “ఒట్టుకు ఒక కుండ విడిగా ఉంచుదాం. అందులో మాచమ్మ తీసిన అసలు నూనె. పిల్లల తలకు అదే రాద్దాం. మన పిల్లలూ బాగుంటారు, ఆచారమూ తప్పదు, పొయ్యిలూ ఆరవు.”

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నిజంగా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

“ఒట్టు ఒక కుండ మీద, అమ్మకం ఇంకో కుండదా?” అంది మాచమ్మ.

“ఇది నీ బొల్లి చెప్పిన శాస్త్రమా మాచమ్మా? పురాణం కూడా చెప్తుందా?” అని ఎవరో అన్నారు. గొల్లున నవ్వారు.

ధనుర్మాసం వచ్చింది. చలికి అసలైన కొబ్బరినూనె పేరుకుపోతుంది, మీరూ చూశారుగా, సీసాలో నెయ్యిలా తెల్లగా. మాచమ్మ ఒట్టు కుండను బోర్లించింది. చుక్క కారలేదు. అమ్మకం కుండను వంచింది. బుడబుడమని కారింది.

“చూశారా? చలే చెప్తోంది” అంది.

“చలి ఒడ్డుకెళ్ళి చెప్పదులే” అన్నాడు జోగయ్య.

మాచమ్మ ఒట్టు కుండకు నూనె తీస్తూనే ఉంది. తనూజ్, అలా చూడకు. నువ్వు అడగబోయేది నాకు తెలుసు. మంచిది కదా, ఎందుకు తీసింది అని. తన పొయ్యి మీద కూడా ఎసరుంది నాన్నా.

ఆ ఎండాకాలం మూడో పడవ వచ్చింది. అందులో షావుకారు లేడు. రాజుగారి మంత్రి ఉన్నాడు. ఆయన వెనక ఒక తల్లి. ఆమె భుజం మీద తలకు గుడ్డ చుట్టిన పసిబిడ్డ.

ఆ తల్లి గుడ్డ విప్పి చూపించింది. మాడంతా పుండు.

“మీ నూనే అద్దానమ్మా. మీ ఒట్టు నమ్మే అద్దాను” అంది. అరవలేదు. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది.

మంత్రి అన్నాడు, “జోగయ్యా, నీ ఒట్టు పెద్దదా, ఈమె మాట పెద్దదా, ఇక్కడే తేలిపోవాలి. ఈ అమ్మకం కుండల్లోంచి నేను చూపించిన కుండ తెరువు. నీ ఇంటి బిడ్డకే రాయి. రాయకపోతే ఈ లంకకు ఇక ఏ పడవా రాదు.”

రేవంతా జనం. నలభై గడపల వాళ్ళూ అక్కడే ఉన్నారు. చిలకమ్మ గంతుకుంటూ వచ్చి తాత ముందు తల వంచి నిలబడింది. “తొందరగా రాయి తాతా, బొల్లి దగ్గరికి పోవాలి.”

మాచమ్మ నోరు తెరిచింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకున్నారు. “మా పొయ్యి ఆర్పకే తల్లీ” అన్నారు. మాచమ్మ నోరు మూసుకుంది.

గానుగ పాక లోంచి బొల్లి ఒక్కటే రంకె వేసింది. “రాయకు జోగయ్యా! అది నూనె కాదు!”

“ఏమిటి ఆ ఎద్దు అంటోంది?” అన్నాడు మంత్రి.

“గడ్డి అడుగుతోందండి” అన్నారెవరో.

జోగయ్య కుండలో చెయ్యి ముంచాడు. గుప్పెడు నూనె, ఒక్కసారి, ఏమవుతుందిలే అనుకున్నాడు. మంత్రి చూస్తున్నాడని ఎప్పటికన్నా ఎక్కువే తీశాడు. మనవరాలి నెత్తి మీద పెట్టి, “మా బిడ్డ నెత్తికి రాసిందే...” అని మొదలుపెట్టి, పూర్తిగా చెప్పాడు. ఒక్క మాట కూడా తడబడలేదు.

ఏమీ కాలేదు. చిలకమ్మ నవ్వింది.

మంత్రి ఆ తల్లి వైపు తిరిగాడు. “సొంత బిడ్డకే రాసుకున్నాడమ్మా. ఇంకేం కావాలి? నీ బిడ్డకు ఇంకేదో తగిలి ఉంటుంది. మంచివాళ్ళ మీద నింద వెయ్యకు.” ఆ తల్లి బిడ్డ తలకు మళ్ళీ గుడ్డ చుట్టుకుని పడవ ఎక్కింది. పడవ నిండా కుండలెక్కాయి. రేవు నిండా బియ్యం దిగాయి. ఒట్టు నిలబడిందని లంకంతా చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నం ఎండ కాసింది. ఆడుకుంటున్న చిలకమ్మకు చెమట పట్టింది. చెమటతో పాటు నూనె నుదుటి మీంచి కళ్ళలోకి దిగింది. పిల్ల కళ్ళు నలుపుకుంది. నలిపిన కొద్దీ మండింది. సాయంత్రానికి కళ్ళు వాచాయి. నీళ్ళు పోశారు, పాలు పోశారు, ఆకు పసరు పిండారు. ఆఖరికి రెండు కళ్ళ మీదా తడిగుడ్డ కట్టారు.

వారం రోజుల తర్వాత చిలకమ్మ తడుముకుంటూ గానుగ దగ్గరికి వచ్చింది. అలవాటు ప్రకారం బొల్లి గంతలు తనే విప్పింది. తర్వాత తన కళ్ళ మీది గుడ్డ తాకి చూసుకుని అడిగింది.

“బొల్లీ, నీకు రోజూ సాయంత్రం విప్పుతాం కదా. మరి నాకెప్పుడు విప్పుతారు?”

బొల్లి నోరు తెరిచింది. మాట రాలేదు.

ఆ రోజు నుంచి ఏ గానుగెద్దూ మాట్లాడలేదు.

తాత అక్కడే నిలబడి విన్నాడు. మర్నాడు అమ్మకం కుండ ఒకటి నెత్తిన పెట్టుకుని, దొరికిన పడవలో ఒడ్డుకు పోయి, మంత్రి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. పడవలు ఆగిపోయాయి. ఆ షావుకారు ఏమయ్యాడా? ఏమీ కాలేదు. పక్క లంకకు పోయాడు. జోగయ్య లంకలో ఎసళ్ళు ఖాళీగా కాగాయి. ఒక్కో గడపా మూటాముల్లె సర్దుకుని తెప్పల మీద అవతలి ఒడ్డు చేరింది. నలభై గడపల్లో చివరికి మిగిలినవి మూడు.

మాచమ్మ పోలేదు, కొబ్బరీ చేపలూ తిని బతికింది. పన్నెండు నెలలూ ఆగి, కాయ ముదిరాకే దింపించి, చిన్న కుండల్లో నూనె తీసింది. ప్రతి కుండలోంచీ మొదటి గుప్పెడు తన తలకే రాసుకుంది. వారం రోజులు ఆగి, తనకేమీ కాలేదని తేలాకే కుండకు మూత పెట్టింది. కొనేవాళ్ళు లేరు. అయినా పెట్టింది.

ఏడో ఏట ఒక పడవ వచ్చింది. అందులోంచి దిగింది ఎవరనుకున్నారు? అబద్ధాలకోరని పంపేసిన ఆ తల్లే. ఒడ్డు చేరిన లంకవాళ్ళ నోట మాచమ్మ సంగతి విని వచ్చింది.

“నూనె చూడను. ఒట్టూ విననమ్మా. నీ తల చూపించు” అంది.

మాచమ్మ తల వంచింది. తెల్లటి జుట్టు, నున్నటి మాడు. ఆ తల్లి చేత్తో తడిమి చూసి, ఒక్క కుండ పుచ్చుకుంది. మరుసటి ఏడు రెండు పడవలు వచ్చాయి. కాబట్టి గెలిచింది మాచమ్మే. కథల్లో నిజాయితీ గెలవాలి కదా, గెలిచింది. ఆ గెలుపును చిలకమ్మ మాత్రం చూడలేదు. రేవులో తెడ్ల చప్పుడు విని, “ఎవరో వచ్చినట్టున్నారు మామ్మా” అంది.

ఏమే గీతికా, దొరికిందా జవాబు? దొరికినవాళ్ళు చెయ్యెత్తనక్కర్లేదు. తల వంచండి, నూనె రాస్తాను... అదిగో, డాబా మీద కాకుల గోల. నా చిప్పలు! ఉండండి, తిరగేసి వస్తాను. నేను వచ్చేలోపు పలక మీద ఈ ఒక్క ముక్కా రాసి ఉంచండి:

నీ మాటకు ఒట్టు కావాలంటే చెయ్యి నీ నెత్తి మీద పెట్టుకో, పిల్లల నెత్తి మీద పెట్టకు.