మేనేజరు నక్క బస్సెక్కిన రోజు

మొగలివాగుకి ఇవతల పొదలు, అవతల వరి కళ్లాలు. కాపురాలు ఇటు, తిండి అటు. ఈ రెంటినీ కలిపే బస్సు ఒక్కటే, సింగారమ్మ అనే గేదె. తెల్లారకముందే ఆమె వీపు నిండిపోయేది. కండక్టరు తెల్లప్ప అనే కొంగ. అతను కొమ్ము మీద నిలబడి "రైట్ రైట్" అన్నాడంటే సింగారమ్మ తిన్నగా వాగులోకి దిగి, పొట్టలోతు నీళ్లు కోసుకుంటూ అవతలి గట్టెక్కేది. బస్సెక్కాక ఎవరూ ఎవరినీ తినకూడదన్నది ఆమె పెట్టిన కట్టుబాటు. ఆ కొమ్ములు చూశాక కాదన్నవాళ్లు లేరు. ఇంత దర్జా బస్సు మరే అడవికీ లేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. నిజమే, లేదు.

బస్సు మీద పెత్తనం జంబయ్య అనే నక్కది. ఎవరిచ్చారని అడక్కండి, మాటకారికి పెత్తనం ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఓ రోజు రాయెక్కి ప్రకటించాడు.

"ప్రయాణికుల సౌకర్యం కోసం వాగుదారి రద్దు! ఇకనుంచి బస్సు పాత వంతెన మీదుగా వెళ్తుంది. మధ్యలో టిఫినుకి ఆగుతుంది."

"టిఫినెవరడిగారు బాబూ?" అంది చుక్కమ్మ అనే కోడి.

"మీకేం కావాలో మీకు తెలీదమ్మా" అన్నాడు జంబయ్య.

వంతెన దగ్గర పీతల పకోడీ కొట్టు అతని బావమరిది గవరయ్యదని మాత్రం అందరికీ తెలుసు.

చుక్కమ్మకి పెద్ద కష్టమే వచ్చిపడింది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేది పొద్దున్నే, గాలి ఉన్నప్పుడు. అప్పుడు చెదిరిన గింజలతోనే ఆమె పిల్లల కడుపు నిండేది. బస్సు చుట్టు తిరిగి చేరేసరికి నేలంతా ఊడ్చేసి ఉంటోంది, తాలు మాత్రమే మిగులుతోంది. పిల్లలు చిక్కిపోతుంటే ఆ తల్లి గుండె తరుక్కుపోయింది.

"కాళ్లావేళ్లా పడదాం" అన్నాడు కుందేలు వీరన్న.

"మన దారి మనం అడుక్కోవడమేమిటి?" తలెత్తి అంది చుక్కమ్మ. "ఆయన్నే బస్సెక్కిద్దాం."

ఆ సాయంత్రం ఆమె చెట్టుకొమ్మ మీద కూర్చుని, నక్కకి వినబడేలా వీరన్నతో అంది. "రేపు పొద్దున్నే కళ్లాల పక్కన చేపలగుంట తోడుతున్నారట. చిన్న చేపలన్నీ గట్టున పారబోస్తారట. గద్దలు దిగేలోపు చేరినవాడి పంట పండినట్టే!"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మర్నాడు అందరికంటే ముందు జంబయ్యే ఎక్కాడు. "ఊఁ, వాగుదారిన పోనివ్వు!"

"ఆ దారి రద్దయిందండి" అన్నాడు తెల్లప్ప. "తమరి ఆర్డరే."

"ఈ ఒక్కసారికి, నా కోసం..."

"ఒక్కరి కోసం బస్సు దారి మారదండి. అందరి కోసం తెరుస్తానంటే ఇప్పుడే రైట్ చెప్తాను."

జంబయ్య చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఇందరి ముందు మాట వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు. "చుట్టు తిరిగే పోదాం. తొందరగా నడిపించు" అన్నాడు.

వంతెన దగ్గర గవరయ్య ఎదురొచ్చాడు. "బావగారే స్వయంగా వచ్చారు! తినకుండా పంపితే మా అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

"ఇవాళ వద్దురా, పనుంది."

"మర్యాద చెయ్యకుండానా? ఆగండి, ఇప్పుడే కొత్త వాయి వేస్తున్నా!"

దిగి పరుగెడదామంటే వంతెన అవతల ఊరకుక్కలున్నాయి. సింగారమ్మ కొమ్ములంటేనే వాటికి భయం. తెల్లప్ప రైట్ అనందే ఆమె కదలదు, టిఫినవందే తెల్లప్ప అనడు.

"నిదానంగా తినండి మేనేజరు గారూ" అంది చుక్కమ్మ. "మా సౌకర్యం కోసమే కదా!"

రాయిలాంటి పకోడీలు నమల్లేక మింగాడు జంబయ్య. తీరా చేరేసరికి గుంట గట్టున బురద, పొలుసులు తప్ప ఏమీ లేవు. గద్దలు కడుపు నిండి చెట్లెక్కాయి. చుక్కమ్మకీ ఆ రోజు గింజ దక్కలేదు. ఆ సంగతి తెలిసే బయల్దేరింది.

"రోజూ ఇంతేనా?" నీరసంగా అడిగాడు జంబయ్య.

"రోజూ ఇంతే. తమరికి ఒక్కరోజు చేపలు పోయాయి. నా పిల్లలకి రోజూ కూడు పోతోంది."

జంబయ్య చెవులు వాల్చేశాడు. "సరే, రేపట్నుంచి వాగుదారే."

"రేపు కాదు, ఇప్పుడే. ఆ రోజు రాయెక్కి అరిచినట్టే చెప్పండి."

జంబయ్య గట్టిగానే చెప్పాడు. చెట్ల మీది గద్దలు కూడా విన్నాయి. తిరుగు ప్రయాణానికి అందరూ ఎక్కాక తెల్లప్ప "రైట్ రైట్" రెండు గట్లకీ వినిపించింది. అంతవరకూ నోరు విప్పని సింగారమ్మ "పట్టుకోండి" అని తలెత్తుకుని వాగులోకి దిగింది. వెనకాల తోక తడుస్తుంటే జంబయ్య కళ్లు మూసుకున్నాడు. తెల్లప్ప "రైట్ రైట్" రెండు గట్లకీ వినిపించింది.

మర్నాడు తూర్పారబట్టే వేళకి చుక్కమ్మ కళ్లంలో ఉంది. ఈసారి పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చింది. నోటి నిండా గింజలు పెట్టుకున్న పిల్లలకి సింగారమ్మని చూపించి, "చూడండర్రా, అది మన బస్సు" అంది.

నీతి: నలుగురి దారి మార్చేవాడు ముందు ఆ దారిన తాను ప్రయాణం చేసి చూడాలి.