ఈదమ్మ నాలుక చూసిన డాక్టరమ్మ

అనగనగా, నల్లరేగడి నేలలో జొన్న పండే ఒక ఊళ్ళో, ఈదమ్మ అని ఒక మనిషి ఉండేది. ఊఁ కొడుతూ విను బంగారం. నిద్రొస్తే మానెయ్, నేనేమీ అనుకోను.

ఈదమ్మకి మొగుడు కుర్మయ్య, అత్త లచ్చమ్మ, బడికి పోయే పిల్లలిద్దరు, ఇంకా పాలు తాగే చంటిపిల్ల ఒకతి. పొద్దున్నే చేలోకి పోయేది. కలుపు తీసేది. పొద్దు వాలాక వచ్చి రొట్టెలు చేసేది. ఆమె నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేదట.

ఒక ఎండాకాలం ఆమె చేతుల మీద చర్మం ఎర్రబడింది. మంట పుట్టింది. ఆ తర్వాత నల్లబడి పొలుసులు లేచింది. మెడ చుట్టూ కూడా అంతే, నల్లటి పట్టీ కట్టినట్టు. ఎండ దెబ్బని ఎవరో పసరు పూశారు. తగ్గలేదు.

ఆ తర్వాత కడుపు చెడింది. ఏం తిన్నా నిలవదు. చెంబు పట్టుకుని పరుగే పరుగు. అప్పుడు ఇంకొకరు వాము నీళ్ళు తాగించారు. అదీ తగ్గలేదు.

ఆ తర్వాత కంటికి నిద్ర కరువైంది. పెనం మీద రొట్టె వేసి మరిచిపోయేది. ఊరికే ఏడ్చేది. కన్నపిల్ల పేరు పిలవబోయి తడుముకునేది. అప్పుడు గాలి సోకిందని తాయెత్తు కట్టారు.

చూశావా తల్లీ, చర్మానికొకరు, కడుపుకొకరు, మనసుకొకరు. మనిషి మాత్రం ఒక్కతే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంతలో వీధిలో ఒక మాట పుట్టింది. పెద్దరోగమట అని. కుష్టురోగాన్ని అప్పట్లో అలా అనేవాళ్ళు, పేరు పలకడానికే భయం. లచ్చమ్మ గభాలున చంటిపిల్లను లాక్కుంది. "పిల్లను ముట్టకు" అంది. ఆమె చెడ్డది కాదమ్మా, బెదిరిపోయింది, అంతే. ఈదమ్మకు పశువుల కొట్టంలో పక్క వేశారు. ఇంట్లో పిల్ల పాలకి ఏడుస్తుంటే, ఇక్కడ కొట్టంలో తల్లికి పాలు చేపుకొచ్చి రవిక తడిసేది.

కుర్మయ్య చూడలేకపోయాడు. బండి కట్టి సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. లచ్చమ్మ కూడా ఎక్కింది, పిల్లను చంకలో పెట్టుకుని, కోడలికి ఎడంగా.

ఆ దవాఖానలో జుబేదా అని ఒక డాక్టరమ్మ. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడేది. బయట ఎంతమంది ఉన్నా, ముందున్న రోగిని చూసేటప్పుడు ఆమెకు తొందర ఉండేది కాదు.

లచ్చమ్మ గుమ్మంలోనే నిలబడి, "పెద్దరోగమేనా అమ్మా? అట్లయితే ఈడనే ఉంచుకోండ్రి" అంది.

"చూడనీ అవ్వా. చూడకుండ నేనెట్ల చెప్త?" అంది డాక్టరమ్మ.

అప్పుడు ఈదమ్మను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అంతే, ఈదమ్మకు ఏడుపు ఆగలేదు. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో మరి! డాక్టరమ్మ ఏడవనిచ్చింది. ఏడుపు ఆగాక మళ్ళీ చూడ్డం మొదలుపెట్టింది.

రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. రవిక చెయ్యి ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ నలుపు ఆగిపోయింది. వెండి కడియం పైకి జరిపి చూసింది. కింద చర్మం శుభ్రంగా ఉంది. పాదాల మీదా, మెడ మీదా అంతే. ఎండ తగిలిన చోటల్లా ఉంది, బట్ట కప్పిన చోట లేదు.

"ఎండ పడ్డ చోటనే వచ్చింది. మరి ఎండలో ఊరంతా పనిచేస్తది, ఈమెకే ఎందుకొచ్చింది?" అని తనలో తనే అనుకుంది.

ఆ తర్వాత, "కండ్లు మూసుకో ఈదమ్మా. నేను దూదితోని తాకినప్పుడల్లా, ఎక్కడ తాకిన్నో వేలుతో చూపియ్యి" అంది.

"ఈడ" అంది ఈదమ్మ. "ఈడ. ఇగో, ఈడ."

ఒక్కటి కూడా తప్పలేదు. డాక్టరమ్మ మోచేతి దగ్గర నరం కూడా తడిమి చూసింది. అది ఉబ్బి లేదు. పెద్దరోగమైతే మచ్చ మీద స్పర్శ తగ్గిపోతుంది బంగారం, నరాలు లావెక్కుతాయి. ఇక్కడ అవేవీ లేవు.

ఆ తర్వాత "నాలుక చాపు" అంది. చేతుల మీద మచ్చలకి నాలుకెందుకు అంటావా? కుర్మయ్య కూడా అదే అడగబోయాడు. కానీ ఈదమ్మ నాలుక చాపేసరికి అందరూ చూశారు. నున్నగా, ఎర్రగా, పచ్చి పుండులా ఉంది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నాలుక ఇట్లుందంటే కడుపు గూడ బాగుండదు. విరేచనాలయితున్నయా?"

ఈదమ్మ తల ఊపింది.

"నిద్ర? మతిమరుపు?"

కుర్మయ్య నోరు తెరిచేశాడు. "అవునమ్మా! అది గాలి అనుకొని మీకు చెప్పలే. మీకెట్ల తెల్సింది?"

డాక్టరమ్మ ఈదమ్మ వైపే చూస్తూ, "పొద్దున ఏం తిన్నవ్?" అంది.

"రొట్టె, కారం."

"మాపటికి?"

"రొట్టె, కారం."

"పప్పు వండరా మీ ఇంట్ల?"

"వండుత. పిల్లలకు, ఆయనకు."

"పాలు?"

"అత్తకు నమలనీకి పండ్లు లెవ్వు. ఆమెకు రొట్టె పాలల్ల నానేసి పెడుత."

"మరి నీకు?"

ఈదమ్మ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. లచ్చమ్మ తల దించుకుంది.

అప్పుడు డాక్టరమ్మ అంది: "ఇవి మూడు రోగాలు కావు అవ్వా, ఒక్కటే. దీన్ని పెల్లాగ్రా అంటరు. జొన్న మంచిదే. కానీ అదొక్కటే తింటే ఒంటికి కావల్సిన ఒక విటమిను చాలదు. అది చాలకపోతే ఎండ తగిలిన తోలు కాలినట్లయితది. కడుపు చెడుతది. మతి చెదురుతది. మీరంతా జొన్నతో పాటు ఇంకేదన్న తింటున్నరు. ఈమె అదీ తినక, మీదికెళ్ళి బిడ్డకు పాలిస్తున్నది."

"ముట్టుకుంటే అంటదా?" అంది లచ్చమ్మ.

"అంటదు." అని డాక్టరమ్మ లేచి, ముసలామె చంకలోంచి పిల్లను తీసుకుని ఈదమ్మ ఒళ్ళో పెట్టింది. పిల్ల ఒక్క క్షణం వాసన చూసి, తల్లి రవిక గుప్పిట పట్టుకుంది. ఇంక వదిలితేనా!

పప్పు, పాలు, గుడ్డు కూడా తినాలని చెప్పి మాత్రలిచ్చేటప్పుడు, డాక్టరమ్మ కుర్మయ్యకు ఇంకో మాట చెప్పింది. "నేను అనుకున్నదే నిజమైతే ముందు నాలుక మంట తగ్గాలె, కడుపు కుదురుకోవాలె. తోలు నెమ్మదిగ బాగయితది. అట్ల కాలేదంటే నేను తప్పు చూసినట్టు. వెంటనే తోలుకొని రా, మొదటికెళ్ళి చూస్త." అంత చదువు చదివిన మనిషి ఆ మాట అనగలిగింది చూడు! నాకు ఆమెలో అదే ఎక్కువ నచ్చుతుంది.

ఆమె తప్పు చూడలేదు. కొన్నాళ్ళకే నాలుక మంట పోయింది. ఆ తర్వాత కడుపు నిలబడింది, కంటికి నిద్ర పట్టింది. చేతుల మీద పాత చర్మం రాలి కొత్తది వచ్చింది. పిల్లల పేర్లు గడగడా పిలిచేది.

డాక్టరమ్మ అక్కడితో ఊరుకుందా? ఒక ఇంట్లో ఉన్నది పక్కింట్లోనూ ఉండొచ్చు కదా అని ఊళ్ళోకే వచ్చింది. ఆడవాళ్ళు సిగ్గుపడి లోపలికి పోతుంటే, ఈదమ్మే ఇంటింటికీ పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "నాలుక చాపనీకి సిగ్గేందే!" అని నవ్వింది. అందరూ చాపారు. ఇంకో ఇద్దరి నాలుకలు ఎర్రగా కనపడ్డాయి, చేతులింకా నల్లబడకముందే. వాళ్ళకీ అప్పుడే మందు పడింది.

ఆ పొద్దు అన్నాలవేళకి లచ్చమ్మ పప్పుగిన్నె ముందేసుకుని కూర్చుంది. కుర్మయ్య పళ్ళెం చాపాడు. పిల్లలు చాపారు. ఆమె ఎవరికీ వడ్డించలేదు. కోడల్ని రెక్క పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. రొట్టె మీద గరిటెడు పప్పు పోసి, ఉడికిన గుడ్డు తనే ఒలిచి పెట్టింది.

"నువ్వు తిను బిడ్డా," అంది. "నువ్వు తిన్నంక వాళ్ళకు పెడుత."

కథ చేరె కంచికి,
మనం చేరితిమి ఇంటికి,
కునుకు చేరె నీ కంటికి.