పటాలం తోటలో నిప్పెరుగని తల్లి

ఊరికి ఉత్తరాన ఐదు కిలోమీటర్ల దూరంలో, గుట్ట వాలులో ఉన్నది పటాలం తోట. ఆదివారాల్లోనూ, కార్తీకమాసం వనభోజనాలప్పుడూ ఇక్కడి చింతచెట్ల కింద చాప పరిచే జాగా దొరకదు. పిల్లలకు ఉయ్యాలలున్నాయి, జారుడుబల్ల ఉంది, ఎక్కి కూర్చోవడానికి రెండు పాత ఫిరంగులున్నాయి. తోట నడుమ కిటికీలు లేని రాతిగది ఒకటి కనిపిస్తుంది. గోడలు మూడడుగుల మందం. అదే అమ్మవారి సన్నిధి. లోపల విగ్రహం లేదు, దీపం లేదు, కర్పూరహారతి లేదు. అమ్మకు వడపప్పు, చలిమిడి, పానకం, పెరుగన్నం నివేదిస్తారు.

తోటలో పొయ్యి వెలిగించరాదు, వంట ఇంట్లో చేసుకొనే రావాలి. గేటు దగ్గర బోర్డుమీద ఇంతింత అక్షరాలతో రాయించినా, కారు డిక్కీలో గ్యాసుపొయ్యి దాచుకొచ్చే మహానుభావులు ఏటా నలుగురైనా ఉంటారు. వారికోసమే ఈ చిన్న పుస్తకం రాయవలసి వచ్చింది. కోపంతోనే మొదలుపెట్టాను గానీ, రాస్తూ రాస్తూ ఆ కోపం పోయింది.

పూర్వం ఇక్కడ తెల్లదొరల పటాలం ఒకటి విడిది చేసి ఉండేది. ఈ రాతిగదిలో తుపాకిమందు పీపాలు నిలవచేసేవారు. గుట్ట కింద నలభై గడపల గొల్లపల్లె. ఆ పల్లెనుంచి ఈరక్క అనే ముసలామె మేకలు తోలుకొని రోజూ ఈ వాలుకు వచ్చేది. సిపాయిలు గది ముందు ఆగి, బూట్లు విప్పి, బెల్టులు తీసి, చుట్టలూ చెకుముకులూ బయటపెట్టి ఒట్టికాళ్ళతో లోపలికి పోవడం ఆమె చూసింది. బూటు మేకు రాతికి రాసుకొంటే నిప్పురవ్వ లేస్తుందని వారి భయం. ఈరక్కకు ఆ సంగతి తెలియదు. దొరంతటివాడే బూట్లు విడిచి వెళ్తున్నాడంటే లోపల ఎంత గొప్ప తల్లి ఉందో అనుకొంది. నాటినుంచి రోజూ ఒక దొప్పలో పెరుగన్నం తెచ్చి, గోడవార పెట్టి, దండం పెట్టుకొని పోయేది. నిజం చెప్పాలంటే ఆ అన్నం కాపలా సిపాయిలు తినేవారు.

ఒక పుష్యమాసంలో కెప్టెను దొర హుకుం జారీచేశాడు. పల్లె పొయ్యిలనుంచి రవ్వలు గాలికి లేచి గదిమీద పడతాయి గనక ఎనిమిది రోజుల్లో ఇళ్ళు ఖాళీ చేయాలనీ, లేకుంటే గుడిసెలు పడగొట్టిస్తాననీ అన్నాడు. ఆ ఏడు వానలు లేవు. పల్లె పక్కనున్న వాగు తప్ప పదిమైళ్ళలో మేకలకు నీళ్ళు లేవు. పైగా ఈరక్క కోడలు సుంకమ్మకు నెలలు నిండాయి. ఈరక్క పోయి, తెలుగువాడైన సుబేదారు ముత్యాలునాయుడి కాళ్ళమీద పడింది. ఇన్నాళ్ళూ అన్నం పెట్టి కొలిచిన ఆ గదిలోని తల్లి తమను వెళ్ళగొట్టదని ఆమె అంటే, ఆయనకు నవ్వూ జాలీ రెండూ కలిగాయి.

“అవ్వా, లోపల దేవతా లేదు, గీవతా లేదు. తుపాకిమందు ఉంది. ఒక్క రవ్వ పడిందా, మీ పల్లే ఉండదు, మా పటాలమూ ఉండదు” అన్నాడు.

ఈరక్క లేచి నిలబడింది. “ఎవరుంటే ఏమి సామీ, ఆ యమ్మకు నిప్పు పడదు. అంతే గదా. మేము ముట్టించము” అంది.

ఇంటికి పోతూనే తన పొయ్యిలో కడివెడు నీళ్ళు కుమ్మరించింది. గడప గడపకూ తిరిగి, బతిమాలి, తిట్టి, అందరి పొయ్యిలూ ఆర్పించింది. వాగు అవతల, రెండు ఫర్లాంగుల దూరాన వండుకొని మోసుకు రావడానికి పల్లె ఒప్పుకొంది. సుబేదారు ఈ మాట చెబితే దొర నమ్మలేదు. ఎనిమిదో రోజు తానే వచ్చి చూస్తాననీ, ఆనాడు ఒక్క పొయ్యి రాజినా పల్లె ఉండదనీ చెప్పి పంపాడు.

ఆ ఎనిమిదో రోజు పొద్దున, ఎముకలు కొరికే చలిలో సుంకమ్మ ప్రసవించింది. ఆడపిల్ల. ఒళ్ళు చల్లబడి ఉంది, ఏడుపు లేదు. తల్లినీ బిడ్డనూ కదపరాదనీ, వెంటనే వేడినీళ్ళు కావాలనీ, పొయ్యి రాజేయమనీ మంత్రసాని కేకలు పెట్టింది. ఈరక్క చెకుముకి చేతిలోకి తీసుకొంది. ఒకవైపు మనవరాలి ప్రాణం, ఒకవైపు నలభై ఇళ్ళ బతుకు. పొయ్యి ముందు కూలబడి బావురుమంది. తరువాత చెకుముకి విసిరేసి బయటికి వచ్చి, ఊరందరినీ వాగుదాకా వరుసగా నిలబడమంది.

వాగు అవతల అప్పటికే సంగటికి ఎసరు మరుగుతోంది. ఆ నీళ్ళు చెంబుల్లో పోసి, గొంగడి పేలికలు చుట్టి, చేతినుంచి చేతికి అందించసాగారు. మనుషులు చాలకపోతే, దొరకంటే ముందుగా పల్లెకు వచ్చి ఉన్న సుబేదారు తన సిపాయిలను పిలిచి ఖాళీల్లో నిలబెట్టాడు. అంతలో దొర వచ్చాడు. దారికి అడ్డంగా నిలబడ్డాడు గనక ఎవరో ఆయన చేతిలోనూ ఒక చెంబు పెట్టారు. ఆయన ఆ చెంబు వంకా, పక్కన చేతులు చాచిన ముసలివాడి వంకా చూసి, అందించాడు. వెనకనే ఇంకొకటి వచ్చింది, అదీ అందించాడు. పల్లెలో ఎక్కడా పొగ లేదు. కాసేపటికి బిడ్డ ఏడ్చిందన్న కబురు చెంబులు వచ్చిన దారినే, నోటినుంచి నోటికి, వాగు దాటి పోయింది. ఆ హుకుం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏళ్ళు గడిచి పటాలం వెళ్ళిపోయింది, మందుపీపాలూ వెళ్ళిపోయాయి. పండు ముసలిదైన ఈరక్క మనవరాలి భుజం పట్టుకొని మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టింది. ఏమీ లేదు. బయట నిలబడ్డవారు ఆమె మనసు కష్టపడిందేమో అనుకొన్నారు. “ఇప్పుడు చోటు ఖాళీ అయింది గదా, ఆ యమ్మను రమ్మందాము” అంది ఈరక్క. అలా వెలసింది నిప్పెరుగని తల్లి.

గొల్లపల్లె నేటికీ గుట్ట కిందనే ఉంది. అమ్మ సేవ ఆ మనవరాలి వంశంవారిదే. నెలలు నిండిన గర్భిణి ఎవరైనా దర్శనానికి వస్తే, వాగు అవతల నీళ్ళు కాచి చెంబుతో పంపుతారు. ఆ సమయానికి తోటలో ఉన్నవారంతా, పేకాట ఆడుతున్నవారైనా, సగం భోజనంలో ఉన్నవారైనా, లేచి వరుసలో నిలబడవలసిందే. ఆ నీళ్ళు తాగిన తల్లికి సుఖప్రసవమవుతుందనీ, అందించిన చేతులకు ఆ ఏడు లోటు ఉండదనీ నమ్మిక. ముందువారెవరో వెనకవారెవరో ఒకరికొకరు తెలియదు. ఈ సన్నిధిలో నలభై ఏళ్ళుగా ఉన్నాను, ఒక్క చెంబు కూడా చల్లారి చేరడం నేను చూడలేదు.