మేక చూపించిన పులిచింత

కాలవ గట్టు అవతల, వరి కోసేసిన మడిలో పచ్చగా ఏదో మొలిచి చిన్న చిన్న పసుపు పూలు పూసింది. దాన్ని ముందుగా చూసింది సింగారి అనే మేక. ఒక్క కొమ్మ కొరికి రుచి చూసింది. అంతే, గట్టుకున్న గండి దగ్గర కాపలాదారులా నిలబడిపోయింది.

ఆ చలి పొద్దున నల్లమ్మ అనే గేదె దూడతో అటుగా వచ్చింది. ఈనినప్పటి నుంచీ దానికి ఎండుగడ్డే గతి. పొదుగులో పాలు లేవు. దూడ తలతో కుమ్మి కుమ్మి, చుక్క రాక, బావురుమంటోంది.

“ఆగక్కా, ఆగు!” అంది సింగారి. “అది పులిచింత, ఒట్టి పులుపు. పాలిచ్చే తల్లివి, తిన్నావంటే పొదుగులోనే పాలు విరిగిపోతాయి. ఆపైన నీ ఇష్టం.”

నల్లమ్మ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. దూడని తోసుకుంటూ పాకకి తిరిగొచ్చేసింది. అక్కడ పడుకుని నెమరేస్తున్న ముసలి ఎద్దు కోటన్న అడిగాడు.

“ఏమ్మా, అప్పుడే వచ్చేశావ్?”

“అంతా పులిచింతట మావయ్యా. సింగారి చెప్పింది.”

“నువ్వు చూశావా?”

“పసుపు పూలు కనిపించాయి.”

“పులిచింతకీ పసుపు పువ్వే, అడవి మెంతికీ పసుపు పువ్వే. రెండూ మూడేసి ఆకులే వేస్తాయి. పువ్వు చూసి తేల్చకు తల్లీ, ఆకు చూడు. పులిచింత నేలబారున పాకుతుంది, ఆకు కొసన లోతుగా నొక్కు ఉంటుంది. అడవి మెంతి నిలబడి పెరుగుతుంది. ఆకు అంచున సన్నటి పళ్లుంటాయి, పూలు గుత్తిగా పూస్తాయి. నలిపితే మెంతి వాసన గుప్పుమంటుంది. అది మనకి మంచి మేత.”

నల్లమ్మ మళ్లీ బయల్దేరింది. సింగారి ఇంకా గండిలోనే ఉంది, పొట్ట మాత్రం కాస్త ముందుకొచ్చింది.

“నీ మాటే వింటానే చెల్లీ,” అంది నల్లమ్మ నెమ్మదిగా. “కానీ రేపు నా దూడ తెలియక తినేస్తే? ఆ పులిచింత ఎలా ఉంటుందో ఒక్క కొమ్మ తెచ్చి చూపించవూ?”

“దానికేం భాగ్యం!” అని సింగారి పరిగెత్తి ఓ కొమ్మ తెంపుకొచ్చి గేదె ముందు పడేసింది.

నల్లమ్మ వంగి చూసింది. ఆకు కొసన నొక్కు లేదు. అంచున సన్నటి పళ్లున్నాయి. గిట్టతో నలిపి వాసన చూసింది. మెంతే! నోట్లో నీళ్లూరాయి, అయినా మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

“ఇదా పులిచింత! బతికించావే. అయితే మన పాక దగ్గర నీళ్లతొట్టి పక్కన పసుపు పూలతో దట్టంగా పరుచుకున్నదే అడవి మెంతి అయ్యుండాలి. దూడని తీసుకుని అక్కడికే పోతాను.”

ఆ మాట పూర్తయ్యేలోగా సింగారి తొట్టి వైపు దూసుకుపోయింది. అదీ తనకే దక్కాలి మరి! ఆకు చూడలేదు, వాసన చూడలేదు. నేలని అంటుకుని పాకుతున్న ఆ మొక్కని నోటినిండా కుక్కుకుని నమిలింది.

పళ్లు జివ్వుమన్నాయి. కళ్లు మూతలు పడ్డాయి. గడ్డం వణికింది.

మూతి వంకర పెట్టుకుని తిరిగొచ్చేసరికి నల్లమ్మ మడి మధ్యలో నిలబడి హాయిగా మేస్తోంది.

“అక్కా! అక్కడుంది పులిచింత!”

“అవునే. నువ్వు నాకు అడవి మెంతి చూపించావు, నేను నీకు పులిచింత చూపించాను.”

సింగారి తలొంచుకుంది. నల్లమ్మకి నవ్వొచ్చింది.

“రా, ఆ పక్క నుంచి మెయ్యి. మనిద్దరికీ సరిపడా ఉంది. కాస్త కాస్తగా తిను, ఇప్పటికే కడుపు ఉబ్బింది నీకు.”

మర్నాడు కోటన్న కూడా మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. వాళ్లంతా మేస్తుంటే రోజులు గడిచాయి, నల్లమ్మ పొదుగు నిండింది. దూడ మూతి నిండా నురగతో తల్లి చుట్టూ గంతులేసింది.

పేరు ఎవరైనా చెబుతారు. ఆకుని మాత్రం మన కళ్లతో మనమే చూసుకోవాలి.