ఎస్తేరు రింగులు

ఎవరేది అడిగినా కాంతామణి గారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కాకినాడలో ఆమె పార్లర్‌లో పని నేర్చుకుంటున్న హిమజకి ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఆ పొద్దున ఉండబట్టలేక అడిగేసింది.

"స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న జుట్టుకి మీరు రింగులు తిప్పే పెర్మింగ్ చేయనంటారెందుకు మేడమ్? పుట్టుకతో వచ్చిన రింగుల్ని మందు పెట్టి సాగదీశారు. మళ్ళీ మందు పెట్టి తిప్పితే, ఆడపిల్ల పుట్టింటికి తిరిగొచ్చినట్టేగా?"

ఆ మాట తనకే ఎంతో అందంగా తోచి మురిసిపోయింది కూడా. కాంతామణి గారు "చూద్దాంలే" అని దువ్వెనలు కడుక్కోసాగారు.

మధ్యాహ్నం ఒక బట్టల షోరూమ్ ఇన్‌ఛార్జి ప్రమీల గారు, అక్కడ చీరలమ్మే ఎస్తేరుని వెంటబెట్టుకొచ్చారు. రింగుల జుట్టు చింపిరిగా ఉందని రెండు నెలల కిందట ఆ పిల్ల జుట్టు నిలువునా సాగదీయించింది ఈవిడే. ఇప్పుడు షోరూమ్ దసరా ప్రకటన బోర్డు మీద అమ్మాయి బొమ్మకి రింగులున్నాయట. రేపు పొద్దుటికల్లా ఎస్తేరుకీ ఉండాలి. లేకపోతే కౌంటర్ మీంచి తీసేసి గోడౌన్లో మూటలు మోయిస్తారు.

కాంతామణి గారు ఎస్తేరు మెడ వెనక నుంచి చిన్న పాయ కత్తిరించి, రాడ్‌కి చుట్టి మందు రాశారు. కాసేపాగి విప్పేసరికి అది ఉడికిన సేమియాలా సాగి, ముట్టుకోగానే తెగిపోయింది. ఆ ముక్కల్ని ప్రమీల గారి అరచేతిలో పెట్టారు.

"ఏదో కాస్త పోతే పోయింది. కానివ్వండి, ఏమన్నా అయితే పూచీ నాది," అన్నారావిడ చెయ్యి దులుపుకుంటూ. "ఏమే, నీకిష్టమేగా?"

"ఇష్టమేనండి," అంది ఎస్తేరు, అద్దంలోకి చూడకుండా.

హిమజకి ఒళ్ళు మండిపోయింది. కడుపు చేత పట్టుకుని వచ్చిన పిల్ల నోట అంతకంటే ఏం వస్తుంది? దాన్ని ఇష్టమంటారా?

"పూచీ మీది, నెత్తి ఆ పిల్లది," అన్నారు కాంతామణి గారు నెమ్మదిగా. "మీదీ సాగదీయించిన జుట్టేగా. కూర్చోండి, ముందు మీకు వేస్తాను."

ప్రమీల గారి చెయ్యి చటుక్కున తన జడ మీదికి పోయింది. "నాకేం ఖర్మ..." అని, అక్కడికి ఆగిపోయారు.

ఎస్తేరు తలెత్తి ఆవిడకేసి చూసింది. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి, మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది. "గోడౌన్‌కే పోతానండి," అని గుమ్మం దాటింది. ప్రమీల గారు ఏదో గొణుక్కుంటూ వెనకే వెళ్ళారు.

హిమజ కోపం మాత్రం చల్లారలేదు. "ఇదేం న్యాయం మేడమ్? కౌంటరూ పోయె, జుట్టూ పాడాయె. ఆ పిల్ల రింగులు ఇక రానట్టేనా?"

"వస్తాయి," అన్నారు కాంతామణి గారు. "కుదుళ్ళ దగ్గర అప్పుడే మెలికలు తిరుగుతున్నాయి, నువ్వు చూడలేదు. వాటికింకా ఎవరూ హుకుం వెయ్యలేదు మరి."