జెట్టయ్య పేరు, సూదమ్మ చెలమ

మద్దిచెట్ల అడవిలో కుందేళ్లు, ఉడుతలు, నక్కలు, అడవిపిల్లులు ఉండేవి. వాటితోపాటు ఒక ముంగిస, ఒక ముళ్లపంది కూడా ఉండేవి. అది నీళ్లకు మొహం వాచిన అడవి. చలికాలం వెళ్లీ వెళ్లకముందే అక్కడి వాగు ఎండిపోయేది.

ముంగిస పేరు జెట్టయ్య. పాముల్ని పట్టడంలో జెట్టయ్యను మించినవాడు ఆ అడవిలో లేడు. పామును చంపాక దాన్ని ఈడ్చుకొచ్చి దారి మధ్యలో పడేసేవాడు. వచ్చేపోయే జంతువులన్నీ దాన్ని చూసి "అబ్బ!" అనాలి. అనేదాకా పక్కనే కూర్చునేవాడు.

ముళ్లపంది పేరు సూదమ్మ. నేలలోని గడ్డలు తవ్వి తీయడం ఆమె పని. తనకూ తన పిల్లకూ సరిపడా ఉంచుకుని, మిగతావి ఇరుగుపొరుగుకు పెట్టేది. వాగు ఎండినప్పుడు ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తీసేది. ఆ అడవిలో చెలమ తవ్వడం అందరికీ వచ్చిన పనే. అందుకని సూదమ్మను చూసి ఎవరూ "అబ్బ!" అనలేదు.

వరసగా వానలు మొహం చాటేశాయి. గడ్డలు దొరకడం మానేశాయి. చెలమలు తవ్వినా తడి ఇసుకే తప్ప నీళ్లు లేవు. పాములు సైతం చల్లని చోటు వెతుక్కుంటూ వెళ్లిపోయాయి.

ఒకరోజు ఒక కాకి ఎగిరొచ్చి కబురు చెప్పింది.

"కొండ అవతల ఏటిగట్టు అడవి ఉంది. చాలా పెద్ద అడవి. ఎక్కడెక్కడి జంతువులో వెళ్లి అక్కడ బతుకుతున్నాయి."

జెట్టయ్య వెంటనే లేచి నిలబడ్డాడు. "అయితే నేను వెళ్తున్నాను. నా పేరు చెబితే చాలు, పనే నన్ను వెతుక్కుంటూ వస్తుంది" అన్నాడు.

సూదమ్మ కాకిని అడిగింది. "కాకి మామా, అక్కడ గడ్డలు తవ్వేవాళ్లు ఇప్పటికే ఉన్నారా? కొత్తవాళ్లను రానిస్తారా? కట్టుబాట్లు ఏమైనా ఉన్నాయా?"

"పైనుంచి చూసి వచ్చినవాణ్ణి, అవన్నీ నాకేం తెలుసు తల్లీ? ఏరు చూశాను, పచ్చదనం చూశాను. అంతే" అంది కాకి.

జెట్టయ్య నవ్వాడు. "ఇన్ని ఆరాలు తీసేవాళ్లు అడవి దాటలేరు సూదమ్మా!"

"దాటక తప్పదన్నా. పిల్ల దాహానికి ఏడుస్తోంది. అక్కడ నాకు ఏం పని దొరుకుతుందో తెలియదు. భయంగానే ఉంది. అయినా వస్తాను" అంది సూదమ్మ.

సూదమ్మ దాచుకున్న ఎండు గడ్డల్ని దారిబత్తెంగా తెచ్చుకుంది. జెట్టయ్య ఏమీ తెచ్చుకోలేదు. తన పేరు ఒక్కటే మోసుకుని బయలుదేరాడు. దానికి బరువుండదు కదా! దారిలో ఆకలేసినప్పుడు మాత్రం సూదమ్మ గడ్డలే తిన్నాడు.

వాళ్లు ఏటిగట్టు అడవి చేరేసరికి మోదుగు చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. ఏరు పారుతోంది. సూదమ్మ పిల్ల పరుగెత్తి వెళ్లి మూతి నీళ్లలో పెట్టింది. దాన్ని చూసి సూదమ్మకు కళ్లు చెమర్చాయి.

ఏటి పక్కన ఒక తెల్లబండ ఉంది. దాని మీద పడుకుని ఉన్న ముసలి దుప్పి వాళ్లను పిలిచింది. ఆ అడవికి అదే పెద్ద.

"ఎండన పడి వచ్చినట్టున్నారు, కూర్చోండి. మా కట్టుబాటు ముందే చెబుతాను. ఏరు పారినన్నాళ్లూ ఎవరైనా తాగొచ్చు. ఎండలు ముదిరితే ఏరు ఆగిపోతుంది. ఇదిగో, ఈ మడుగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు వంతులు పెట్టుకుంటాం. కొత్తవాళ్లకు వంతు దొరకాలంటే, ఈ అడవి జంతువు ఒకటి ఈ బండ ఎక్కి, వీళ్లు మాకు కావాలి అని చెప్పాలి."

"నేనే ఎక్కి చెప్పుకుంటే?" అని అడిగాడు జెట్టయ్య.

"చెల్లదు నాయనా. అవతలివాళ్లు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే వచ్చిన దారినే వెళ్లాలి. కఠినంగా అనిపిస్తుంది. కానీ మడుగు చిన్నది, నోళ్లు ఎక్కువ."

సూదమ్మ పిల్లను దగ్గరకు తీసుకుంది. తిరిగి వెళ్లడమంటే ఆ ఎండు వాగు దగ్గరికే వెళ్లడం. 

మరునాడు జెట్టయ్య అడవంతా తిరిగి, "పాములెక్కడ?" అని అడిగాడు. నెమళ్లు పించాలు విప్పి నవ్వాయి.

"ఈ అడవిలో పాముల పని మాది. ఉన్నవి మాకే చాలడం లేదు. నువ్వు కూడానా?" అన్నాయి.

జెట్టయ్య మీసాలు వాలిపోయాయి. అయినా బింకం తగ్గలేదు. ఒక పుట్ట మీద ఎక్కి కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు మద్దిచెట్ల అడవిలో తాను చంపిన పాముల కథలు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో కోతులు ఆగి వినేవి. తర్వాత జెట్టయ్యను చూడగానే పక్క కొమ్మ మీదుగా వెళ్లిపోయేవి.

ఒక అడవికోడి భయపడుతూ భయపడుతూ పుట్ట దగ్గరికి వచ్చింది. ముంగిస దగ్గరికి కోడి రావడమంటే మాటలు కాదు. దూరంగానే నిలబడి అడిగింది.

"జెట్టయ్యన్నా, వెదురు పూసి గింజలు రాలాయి. వాటి కోసం ఎలుకలు దండుగా వచ్చిపడ్డాయి. గింజలు అయిపోయాక మా గుడ్ల మీద పడ్డాయి. గుడ్ల జోలికి రానని నువ్వు మాటిస్తే, ఆ ఎలుకల సంగతి చూస్తావా? తెల్లబండ మీద నీ గురించి నేనే చెబుతాను."

జెట్టయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "ఎలుకలా? నాగుపాముల్ని చీల్చిన పళ్లివి! ఎలుకల వెంట పరుగెత్తితే నా పేరేం కావాలి?"

అడవికోడి తల దించుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం జెట్టయ్య ఎవరూ చూడకుండా చెట్టు బెరడు కింద పురుగుల్ని ఏరుకుని తిన్నాడు. అందులో పేరేమీ పోలేదట!

సూదమ్మకూ మొదట్లో కాలం కలిసిరాలేదు. గడ్డలు తవ్విపెడతానని అడవిపందుల దగ్గరికి వెళ్లింది.

"మాకు మూతులున్నాయి కదమ్మా" అన్నాయి అవి.

ఎలుగుబంటి దగ్గరికి వెళ్తే అది గోళ్లు చూపించింది. సూదమ్మ ఆ పూట పిల్ల పక్కన కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముళ్లు దులుపుకుని, "సరే, నా పని ఇక్కడివాళ్లకు అక్కర్లేదు. మరి వీళ్లకు ఏం అక్కరో చూద్దాం" అనుకుంది.

అప్పటినుంచి ఏటి ఒడ్డున ఒక పొద చాటున ఉండి చూసింది. పెద్ద జంతువులు ముందు దిగి తాగేవి. దున్నపోతులు నీళ్లలోనే పడుకునేవి. కుందేళ్లు, కౌజు పిట్టలు, చిట్టి ఉడుతలు ఒడ్డునే బిక్కుబిక్కుమంటూ నిలబడేవి. వాటి వంతు వచ్చేసరికి నీళ్లు బురదగా మారేవి. రోజురోజుకూ ఏరు సన్నబడుతోంది, బురద పెరుగుతోంది.

సూదమ్మ పిల్ల కూడా ఆ బురద నీళ్లే తాగి జబ్బుపడింది. సూదమ్మ ఇక ఆలోచించలేదు. ఏటి పక్కన ఇసుక మేటలోకి వెళ్లి, ముందు కాళ్లతో చెలమ తవ్వింది. మొదట ఊరిన నీళ్లు మడ్డిగా ఉన్నాయి. వాటిని వెనక కాళ్లతో బయటికి చిమ్మేసింది. కాసేపు ఆగాక తేటనీళ్లు ఊరాయి. పిల్ల తాగింది. దాని కడుపు కుదుటపడింది.

పొదల్లోంచి ఒక కుందేలు ఇదంతా చూసింది.

"అక్కా, ఇసుకలో నీళ్లు ఎలా వచ్చాయి?" అని అడిగింది.

సూదమ్మ ఆశ్చర్యపోయింది. "మీకు చెలమ తెలియదా?"

"ఏరు ఆగినా మడుగు ఉంటుంది కదక్కా. ఇసుకను తవ్వాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు."

"రా తల్లీ, నువ్వూ తాగు" అంది సూదమ్మ.

కుందేలు తాగింది. వెళ్లి తన పిల్లల్ని తెచ్చుకుంది. పిల్లల వెంట కౌజు పిట్టలు వచ్చాయి. పిట్టల కాళ్లు జారిపోతుంటే, సూదమ్మ చెలమ అంచును ఏటవాలుగా చెక్కి దారి చేసింది. తొక్కిడికి ఇసుక జారి చెలమ పూడుకుపోయేది. సూదమ్మ పొద్దున్నే లేచి మళ్లీ తవ్వేది. ఆకలేసినప్పుడు అడవిపందులు వదిలేసిన దుంపలు తిని సరిపెట్టుకునేది. కష్టంగానే ఉండేది. కానీ చిట్టి పిల్లలు వరుసలో నిలబడి తేటనీళ్లు తాగుతుంటే చూడటం ఆమెకు బాగుండేది.

ఒకనాడు జెట్టయ్య అటుగా వచ్చాడు.

"ఏంటిది సూదమ్మా? మన అడవిలో చిన్నపిల్లలు కూడా చేసే పని. దీనికోసమా కొండ దాటి వచ్చింది?"

"ఇక్కడ ఇది ఎవరికీ రాదన్నా. వాళ్లకు కావాలి, నాకు వచ్చు. అంతకన్నా ఏం కావాలి?" అంది సూదమ్మ. తర్వాత మెల్లగా అడిగింది. "అడవికోడి వచ్చి ఎలుకల సంగతి అడిగిందట కదా? ఒప్పుకోరాదూ. ఎండలు ముదురుతున్నాయి."

"నా సంగతి నాకు తెలుసు" అని జెట్టయ్య తోక విసిరి వెళ్లిపోయాడు.

చివరకు ఏరు ఆగిపోయింది. మడుగు ఒక్కటే మిగిలింది. జంతువులన్నీ తెల్లబండ చుట్టూ చేరాయి.

"ముళ్లపంది సూదమ్మ ఎవరికి కావాలి?" అని అడిగింది ముసలి దుప్పి.

కుందేలు ఒక్క గెంతులో బండ ఎక్కింది. "మాకు కావాలి. సూదమ్మక్క లేకపోతే ఈ ఎండల్లో మా పిల్లలు బతకవు" అంది. కౌజు పిట్టలన్నీ ఎగిరొచ్చి కుందేలు పక్కన వాలాయి. ఉడుతలు ఎక్కాయి. బండ మీద చోటు చాలలేదు. సూదమ్మ పిల్లను గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ముంగిస జెట్టయ్య ఎవరికి కావాలి?"

ఎవరూ కదలలేదు. జెట్టయ్య ఇలా అవుతుందని అనుకునే వచ్చాడు. పొద వెనక నుంచి ఒక పొడవైన పాము తోలు ఈడ్చుకొచ్చి బండ ముందు పడేశాడు. "చూడండి! నిన్న ఎంత పెద్ద నాగును చంపానో!" అని చుట్టూ చూశాడు. ఎవరైనా "అబ్బ!" అంటారేమోనని ఆగాడు.

ఒక నెమలి వచ్చి దాన్ని కాలితో ఎత్తింది. తోలు గాలికి రెపరెపలాడింది.

"ఇది కుబుసం కదయ్యా! పామే విడిచేసి వెళ్లింది. దీని సొంతదారు ఎక్కడో హాయిగా తిరుగుతూ ఉంటాడు" అంది నెమలి.

జంతువులన్నీ ఘొల్లున నవ్వాయి. ముసలి దుప్పి మాత్రం నవ్వలేదు. అడవికోడి వైపు తిరిగి, "నువ్వేమైనా చెబుతావా?" అని అడిగింది.

"చెప్పేదాన్నే. ఎలుకల పని చేస్తావా అని అడిగాను. తన పేరుకు తగదన్నాడు. మా గుడ్లన్నీ పోయాయి" అంది అడవికోడి. 

జెట్టయ్యకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి నడవసాగాడు. సూదమ్మ పరుగున వెళ్లి అడ్డం నిలబడింది.

"అన్నా, ఆగు. ముందు చెలమలో నీళ్లు తాగు. వెదురు పొదల్లో ఎలుకలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడైనా ఒప్పుకో. అందరినీ నేను బతిమాలుతాను."

జెట్టయ్య నీళ్లు తాగాడు. కడుపునిండా తాగాడు. మూతి తుడుచుకుని ఒక్క మాటే అడిగాడు.

"ఎలుకల పనికేగా?"

"అవునన్నా."

జెట్టయ్య మండుటెండలో కొండ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ వేసవి నడిమధ్యలో మడుగు కూడా బురదయింది. అప్పుడు దుప్పులు, అడవిపందులు, చివరకు దున్నపోతులు కూడా ఇసుక మేట దగ్గరికి వచ్చాయి. సూదమ్మ వాటికి చెలమ తవ్వడం నేర్పింది. ఆ ఏడు ఏటిగట్టు అడవిలో దాహంతో ఒక్క ప్రాణీ పోలేదు. సూదమ్మకు ఏటి ఒడ్డునే మంచి బొరియ చూపించారు. ఇకనుంచి గడ్డల్లో మొదటి వాటా ఆమె పిల్లదేనని అడవిపందులు చెప్పాయి.

వానలు పడ్డాక కాకి మళ్లీ వచ్చింది.

"కాకి మామా, మా జెట్టయ్యన్న బాగున్నాడా?" అని ఆత్రంగా అడిగింది సూదమ్మ.

"ప్రాణాలతో చేరాడమ్మా. మద్దిచెట్ల అడవిలోనూ ఒక పుట్ట మీద ఎక్కి కూర్చుంటున్నాడు. ఏటిగట్టు అడవి ఏం బాగోలేదని, గొప్పవాళ్ల విలువ అక్కడివాళ్లకు తెలియదని అందరికీ చెబుతున్నాడు."

"పాములు తిరిగి వచ్చాయా మరి?"

"ఎక్కడ వచ్చాయి?"

"అయ్యో! మరి ఏం తింటున్నాడు?"

కాకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఎలుకల్ని."

నీతి: కొత్త చోటికి పాత పేరు పట్టుకుని వెళితే కడుపు నిండదు. అక్కడివాళ్లకు ఏం అవసరమో చూసి, చేతనైన పని చిన్నదైనా చేసేవారికే అక్కడ చోటు దొరుకుతుంది.